ఇసుక మీద చదువు

నర్సంపేట దాటి పాకాల అడవిలోంచి తూర్పుకి పోతే కొత్తగూడ వస్తుంది. 2016 దాకా వరంగల్ జిల్లా, ఇప్పుడు మహబూబాబాద్. చుట్టూ కోయ గూడేలు, లంబాడా తండాలు, పత్తి, మొక్కజొన్న, అడవి. ఈ ఊరికి పడమటి పక్కన పాకాల చెరువు. ఉత్తరాన ములుగు వైపు లక్నవరం, ఇంకాస్త పైకి పోతే పాలంపేటలో రామప్ప గుడి. అలాగే ఉత్తరానికి పోతూనే ఉంటే భూపాలపల్లి జిల్లాలో గోదావరి మీద మేడిగడ్డ బ్యారేజీ. ఒక రోజు బండి మీద తిరిగితే ఎనిమిది వందల ఏళ్ళ ఇంజనీరింగ్ చరిత్ర కళ్ళ ముందు నుంచి వెళ్ళిపోతుంది.

2024 డిసెంబర్ 4 ఉదయం ఏడున్నర కావస్తుండగా ఆ ములుగు అడవుల కింద భూమి కదిలింది. తీవ్రత 5.3. హైదరాబాదులోనూ విజయవాడలోనూ కూడా మంచాలు ఊగాయి. గోదావరి లోయకి ఇది కొత్తేమీ కాదు. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 తీవ్రతతో వచ్చిన భూకంపం పెద్దవాళ్ళకి ఇంకా గుర్తే. ఇలాంటిది ఏదైనా జరిగినప్పుడల్లా మన దగ్గర ఒక పోలిక మొదలవుతుంది: ఇసుక మీద కట్టిన రామప్ప ఎనిమిది వందల ఏళ్ళుగా నిలిచింది, ఇసుక మీద కట్టిన మేడిగడ్డ నాలుగేళ్ళకే కుంగింది, కాబట్టి మనవాళ్ళకి అప్పుడు తెలిసింది ఇప్పటి ఇంజనీర్లకి తెలియదు.

వినడానికి బాగుంటుంది. వాట్సాప్‌లో పంపడానికి ఇంకా బాగుంటుంది. కానీ ఒకే ఇసుక ఒకచోట ఎందుకు మోసింది, ఇంకోచోట ఎందుకు మోయలేదు అన్న అసలు ప్రశ్న ఈ పోలికలో ఎక్కడా లేదు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికే ఒక చదువు ఉంది. స్ట్రక్చరల్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్. తెలుగువాళ్ళకి ఈ చదువు ఎలా వచ్చింది, వచ్చి ఏం చేసింది, ఇప్పుడు ఎందుకు పలచబడుతోంది అన్నది ఈ వ్యాసం.

గుడి కింద ఏముంది?

రామప్ప గుడిని కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. శాసనం తేదీ 1213. 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరినప్పుడు అందరి నోటా రెండు మాటలే వినపడ్డాయి: ఇసుక పునాది, నీళ్ళ మీద తేలే ఇటుకలు.

ముందు ఇసుక సంగతి. ఇసుక కుప్ప మీద కాలు పెడితే దిగబడుతుంది. అదే ఇసుకని నాలుగు పక్కలా కదలనీయకుండా గోతిలో పోసి, తడిపి, దట్టించి, దాని మీద బరువు పెడితే దిగబడదు. బియ్యం బస్తా మీద మనిషి నిలబడగలడు. బస్తా విప్పి బియ్యం గచ్చు మీద పోస్తే నిలబడలేడు. బియ్యం మారలేదు, చుట్టూ ఉన్న గోనెసంచి పోయింది. గింజలు పక్కకి జారకుండా ఉన్నంతసేపూ బరువు ఒక గింజ నుంచి పక్క గింజకి పాకుతూ కిందికి దిగుతుంది. దీనికి తోడు నల్లరేగడి నేల వానాకాలం ఉబ్బి ఎండాకాలం పగులుతుంది. మధ్యలో ఇసుక పొర ఉంటే ఆ ఉబ్బు నేరుగా రాతికి తగలదు. నీళ్ళు కూడా నిలవకుండా దిగిపోతాయి.

తర్వాత ఇటుకలు. రాయి నీటికన్నా దాదాపు రెండున్నర రెట్లు బరువు. విమానంలో వాడిన ఆ ఇటుక నీటికన్నా తేలిక. అంటే శిఖరాన్ని రాతితో కాకుండా ఆ ఇటుకతో కడితే బరువు మూడో వంతుకి పడిపోతుంది. రాతి దూలానికి ఇది ప్రాణం. రాయి నలిగే బలానికి బాగా తట్టుకుంటుంది కానీ లాగే బలానికి తట్టుకోదు, సుమారుగా పదో వంతే. రెండు స్తంభాల మీద దూలం పెట్టి పైన బరువు వేస్తే దూలం పైభాగం నలుగుతుంది, అడుగుభాగం సాగుతుంది. అడుగునే పగులు మొదలవుతుంది. పైగా స్తంభాల మధ్య దూరం రెండింతలు చేస్తే, దూలం సొంత బరువు వల్లే దాన్ని వంచే బలం నాలుగింతలవుతుంది. కాకతీయుల మండపాల్లో స్తంభాలు అంత దగ్గర దగ్గరగా ఎందుకున్నాయో ఈ ఒక్క లెక్క చెప్పేస్తుంది. అందం కోసమే అయితే మధ్యలో ఇంకాస్త జాగా వదిలేవాళ్ళేమో.

ఇది అద్భుతం అనడానికి నాకు అభ్యంతరం లేదు. అద్భుతం అని ఊరుకోవడం మీదే అభ్యంతరం. ఎందుకంటే ఆ గుడిలో నేల అక్కడక్కడ ఎగుడుదిగుడైంది, దూలాల్లో పగుళ్ళున్నాయి. అంటే ఇసుక ఎక్కడో కొంచెం జారింది. ఇసుక పునాది షరతులతో పనిచేస్తుంది. షరతు తప్పిన చోట రామప్ప కూడా కుంగింది. గుడిని ప్రేమించేవాళ్ళు తెలుసుకోవాల్సింది ఆ షరతుల్ని.

హనుమకొండ వేయిస్తంభాల గుడిని చూడండి. రుద్రదేవుడు 1163లో కట్టించిన ఆ గుడి కల్యాణమండపాన్ని 2000ల మధ్యలో రాయి రాయీ విప్పారు. మళ్ళీ నిలబెట్టి జనాన్ని లోపలికి రానిచ్చింది 2024 మార్చి 8న. కాకతీయులకి కట్టడానికి పట్టిన కాలం ఎంతైనా, మనకి తిరిగి పేర్చడానికి దాదాపు రెండు దశాబ్దాలు పట్టింది. క్రేన్లున్నాయి, కంప్యూటర్లున్నాయి. నిధులు, అనుమతుల సంగతి పక్కన పెట్టినా, ఏ రాయి ఏ బరువు మోస్తోందో, కింద ఇసుకలో ఏం జరిగిందో మళ్ళీ మొదటి నుంచి తెలుసుకోవాల్సి వచ్చింది. ఆ పనిలో వరంగల్ ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పిన ఆచార్యులూ ఉన్నారు. ఊళ్ళో కాలేజీ, ఊళ్ళో గుడి, మధ్యలో కొద్ది కిలోమీటర్లు. చదువు అనేది చేయాల్సిన పని అదే.

రాసిపెట్టని లెక్క

పాకాల శాసనం చెరువు తవ్వించిన జగదాళ ముమ్మడి పేరు చెబుతుంది. రామప్ప శాసనం రేచర్ల రుద్రుడి పేరు చెబుతుంది. కట్టించినవాళ్ళ వంశాలు పద్యాల్లో ఉన్నాయి. కట్ట వాలు ఎంత పెట్టాలి, తూము ఎక్కడ దించాలి, ఇసుక ఎంత లోతు పోయాలి అన్నవి ఎక్కడా లేవు. అవి చేతుల్లో ఉన్నాయి. తండ్రి చేతి నుంచి కొడుకు చేతికి, మేస్త్రీ నుంచి శిష్యుడికి పోయాయి. శిష్యుడు లేని రోజున ఆగిపోయాయి.

ఇలా చేతుల్లో ఉన్న జ్ఞానం తక్కువదేమీ కాదు. ఆర్థర్ కాటన్ 1847 నుంచి 1852 దాకా ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది గోదావరి ఇసుక మీదే, కింద రాయి తగిలే ఆశ లేకుండా. అడుగు కనపడని ఇసుకలో పునాది నిలబెట్టడం ఈ దేశపు పాతవాళ్ళ దగ్గరే నేర్చుకున్నామని ఆయనే ఒప్పుకున్నాడు. కావేరి మీద చోళుల కల్లణై ఆయన బడి. ఒక సామ్రాజ్యపు ఇంజనీరు ఆ మాట అనడం చిన్న విషయం కాదు.

కానీ చేతి జ్ఞానానికి ఒక హద్దుంది. అది చూసిన కొలతకి పనికొస్తుంది, చూడని కొలతకి పనికిరాదు. పది అడుగుల దూలం చేసిన చేయి ఇరవై అడుగుల దూలం పగిలాకే నేర్చుకుంటుంది. గెలీలియో 1638లో అచ్చేసిన తన చివరి పుస్తకంలో దూలం ఎందుకు విరుగుతుంది అని అడిగాడు. జవాబు తప్పు చెప్పాడు. దూలం అడ్డుకోతలో ఎంతవరకు సాగుతుంది, ఎక్కడ నలుగుతుంది అన్నది ఆయనకి అందలేదు. దాన్ని సరిచేయడానికి 1773లో కూలుంబ్, 1826లో నావియే రావాల్సి వచ్చింది. అయినా ప్రశ్న కాగితం మీదికెక్కింది కాబట్టే ఇంకొకడు సరిచేయగలిగాడు. పాలంపేట స్థపతి గెలీలియో కంటే నాలుగు వందల ఏళ్ళ ముందే దూలాన్ని సరిగ్గా పెట్టాడు. ఎందుకు సరైందో మాత్రం మనకి రాసివ్వలేదు.

మద్రాసు నుంచి మొదటి పట్టా

తెలుగువాళ్ళకి కాగితం మీది ఇంజనీరింగ్ రెండు దారుల్లో వచ్చింది. ఒకటి మద్రాసు దారి. 1794లో సర్వే స్కూలుగా మొదలై తర్వాత గిండీ ఇంజనీరింగ్ కాలేజీ అయిన సంస్థ. రెండోది నిజాం దారి. నిజాంసాగర్ కట్టిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఇంగ్లండులో కూపర్స్ హిల్ కాలేజీకి వెళ్ళి చదువుకొచ్చాడు. 1929లో ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాక హైదరాబాదులోనే చదువు దొరికింది, అదీ ఉర్దూలో. ఉన్నత సాంకేతిక విద్యని ఒక భారతీయ భాషలో చెప్పిన ప్రయోగం అది. 1948 తర్వాత ఇంగ్లీషు వచ్చింది. ఆ ప్రయోగంలో తెలుగుకి చోటు ముందూ లేదు, తర్వాతా లేదు.

ఈ కాలేజీలు ఎక్కువగా తయారుచేసింది పబ్లిక్ వర్క్స్ శాఖకి కావల్సిన మనుషుల్ని. మాన్యువల్ చదివి, ఎస్టిమేట్ వేసి, పని చేయించగలిగినవాళ్ళని. మాన్యువల్ రాయడం వేరే చోట జరిగేది. మాస్టర్స్ చదువు అవసరం అక్కడ పుట్టింది.

పాకాల అలుగు దాటిన నీళ్ళు మున్నేరవుతాయి. మున్నేరు ఖమ్మం మీదుగా దిగి కృష్ణలో కలుస్తుంది. ఆ కృష్ణ కాలవల కింద పండే ఊళ్ళలో ఒకటి కంకిపాడు. 1902 జూలై 15న అక్కడ పుట్టిన కానూరి లక్ష్మణరావుని మనం కె.ఎల్. రావు అంటాం. చిన్నప్పుడే తండ్రి పోయాడు. బడిలో ఆటలో తగిలిన దెబ్బకి ఒక కంటి చూపు పోయింది. గిండీలో ఇంజనీరింగ్ చదివాడు. మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ పట్టా పొందిన మొదటి విద్యార్థి ఆయనే అని చెబుతారు. రంగూన్‌లో పాఠాలు చెప్పాడు. 1939లో బర్మింగ్‌హామ్ నుంచి డాక్టరేట్ తీసుకున్నాడు. రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీట్ మీద పాఠ్యపుస్తకం రాశాడు. మాన్యువల్ చదివే వరసలోంచి రాసే వరసలోకి ఒక తెలుగువాడు నడిచి వెళ్ళిన దారి ఇది.

ఆ చదువు ఎక్కడ ఖర్చయిందో నాగార్జునసాగర్ దగ్గర చూడొచ్చు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ పునాదిరాయి వేసిన ఆ డ్యామ్ సుమారు 124 మీటర్ల ఎత్తు. దాన్ని కాంక్రీటుతో కాకుండా రాతికట్టుతో లేపారు. సిమెంటు కొరత, యంత్రాల కొరత, పనికి చేతులు మాత్రం పుష్కలం. ఉన్నదాంతో ఏం చేయొచ్చో లెక్క వేసి చెప్పాలంటే ఎదురుగా ఉన్న నమూనాని దాటి ఆలోచించాలి. ఇంత ఎత్తున రాయి ఎంత ఒత్తిడి మోస్తుంది, అడుగున నీటి తోపు ఎంత, భూకంపం వస్తే ఏమిటి. ఇవన్నీ పుస్తకంలో జవాబు సిద్ధంగా లేని ప్రశ్నలు. డిగ్రీ ఇంజనీరుకి కోడ్ ఏం చెబుతుందో తెలుస్తుంది. కోడ్ మౌనంగా ఉన్నచోట ఏం చేయాలో తెలియడానికి ఇంకో రెండేళ్ళు పడుతుంది. రావు 1962లో విజయవాడ నుంచి ఎంపీ అయ్యాడు, పదేళ్ళ దాకా కేంద్రంలో నీటిపారుదల చూశాడు. పులిచింతల ప్రాజెక్టుకి ఆయన పేరే పెట్టారు.

వరంగల్‌కి కాలేజీ

1959 అక్టోబర్ 10న నెహ్రూ కాజీపేట దారిలో ఇంకో పునాదిరాయి వేశాడు. దేశంలో మొదటి రీజనల్ ఇంజనీరింగ్ కాలేజీకి. సగం సీట్లు రాష్ట్రం వాళ్ళకి, సగం బయటివాళ్ళకి. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్. 2002లో అది ఎన్ఐటీ అయింది. అక్కడి సివిల్ విభాగంలో మాస్టర్స్ కోర్సు పేరు ‘ఇంజనీరింగ్ స్ట్రక్చర్స్’. కొత్తగూడ నుంచి ఒక బస్సు మారితే చేరే దూరంలో ఉన్న చదువు.

మాస్టర్స్ చదువు ఎలా ఉండాలి అని దేశం రెండుసార్లు పెద్ద కమిటీలు వేసుకుంది. 1978–80 కమిటీకి అధ్యక్షుడు యలవర్తి నాయుడమ్మ, తోలు పరిశ్రమ శాస్త్రవేత్త, తెనాలి వైపు మనిషి. 1990ల కమిటీకి అధ్యక్షుడు పి. రామారావు, లోహశాస్త్రవేత్త, కొవ్వూరు మనిషి. ఇద్దరూ తెలుగువాళ్ళే కావడం యాదృచ్ఛికం కావచ్చు. ఒకే ప్రశ్నని పదిహేనేళ్ళ తేడాతో మళ్ళీ అడగాల్సి రావడం మాత్రం యాదృచ్ఛికం కాదు. సీట్లు పెరుగుతున్నాయి, గేట్ పరీక్ష వచ్చింది, స్కాలర్‌షిప్ వచ్చింది. ఈ చదువు ఎవరికోసం అన్నది మాత్రం తేలలేదు.

ఎందుకంటే బాగా చదివినవాళ్ళు వెళ్ళిపోయారు. గుడివాడలో పుట్టిన అట్లూరి సత్యనాథం కాకినాడలో బి.ఇ., బెంగుళూరు ఐఐఎస్‌సీలో ఎం.ఇ. చేసి 1969లో ఎంఐటీ నుంచి డాక్టరేట్ అందుకున్నారు. కంప్యూటర్‌తో నిర్మాణాల్ని లెక్కించే విద్యలో ఆయనది ప్రపంచస్థాయి పేరు. జునుతుల ఎన్. రెడ్డి 1968లో ఉస్మానియాలో మెకానికల్ పూర్తి చేసి, ఓక్లహోమా స్టేట్‌లో మాస్టర్స్ చేసి, చివరికి టెక్సస్ ఎ అండ్ ఎంలో స్థిరపడ్డారు. ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి మీద 1984లో ఆయన రాసిన పుస్తకం లోకమంతా పాఠ్యపుస్తకమైంది. 2019లో టిమోషెంకో మెడల్ వచ్చింది. మెకానిక్స్‌లో అంతకంటే పెద్ద గౌరవాలు తక్కువ.

ఫైనైట్ ఎలిమెంట్ అంటే తెలియనివాళ్ళకి ఒక్క మాట. ఒక సంక్లిష్టమైన ఆకారాన్ని వేల చిన్న ముక్కలుగా ఊహించుకుంటాం. ఒక్కో ముక్క ఎలా వంగుతుందో సులువుగా తెలుస్తుంది. పక్క పక్క ముక్కలు విడిపోకూడదు అన్న షరతు పెడితే లక్షల సమీకరణాలొస్తాయి. కంప్యూటర్ వాటిని విప్పుతుంది. 1950లలో విమానాల రెక్కల కోసం మొదలైన ఈ పద్ధతితో ఇప్పుడు మోకాలి చిప్ప నుంచి డ్యామ్ దాకా అన్నీ లెక్కిస్తున్నారు. అంటే ఉస్మానియాలో చదివిన మనిషి రాసిన పుస్తకాన్ని వరంగల్‌లో విద్యార్థి అమెరికా దారిలో తెప్పించుకుని చదువుతున్నాడు. గర్వపడాలా, ఇంకేమైనా అనుకోవాలా అన్నది మీ ఇష్టం.

నెలకి 12,400

ఇప్పటి సంగతి. గేట్ రాసి ఎంటెక్‌లో చేరితే నెలకి 12,400 రూపాయల స్టైపెండ్. 2014 ప్రాంతంలో ఎనిమిది వేల నుంచి పెంచారు. అదే గేట్ స్కోరుతో ప్రభుత్వ రంగ సంస్థల్లో నేరుగా ఉద్యోగం వస్తుంది. అందుకే చాలామందికి ఎంటెక్ రెండేళ్ళు ఒక వెయిటింగ్ హాలు. ఉద్యోగం కబురొచ్చిన రోజున థీసిస్ మధ్యలో వదిలేసి వెళ్ళిపోతారు. తప్పు వాళ్ళది అనలేం. ఇంట్లో చెల్లి పెళ్ళి, నాన్న అప్పు ఉన్నవాడికి ప్లేట్లూ షెల్స్ సిద్ధాంతం ఎంత అందంగా ఉన్నా నెలాఖరున అద్దె కట్టదు.

నేను పనిచేసేది సాఫ్ట్‌వేర్‌లో. మా టీంలో సివిల్ చదివినవాళ్ళున్నారు, మెకానికల్ చదివినవాళ్ళున్నారు. ఒకమ్మాయి స్ట్రక్చర్స్‌లో ఎంటెక్ చేసింది, ఇప్పుడు పేమెంట్స్ యాప్ టెస్ట్ చేస్తోంది. లంచ్‌లో ఎప్పుడైనా ఫ్లైఓవర్ గురించి మాటొస్తే ఆమె గొంతు మారిపోతుంది. మా పనిలో ఒక సౌకర్యం ఉంది. రాత్రి పెట్టిన కోడ్ పొద్దున చెడిపోతే పాత వెర్షన్‌కి వెనక్కి వెళ్ళిపోతాం. బ్యారేజీ స్తంభానికి పాత వెర్షన్ ఉండదు. కాబట్టే ఆమె చదివిన చదువులో సందేహపడటం నేర్పడానికి రెండేళ్ళు కేటాయించారు. ప్యాకేజీ ఎవరైనా నడపొచ్చు. తెర మీద ఎర్రరంగు, నీలం రంగు వస్తాయి. ఆ రంగుల్ని ఎప్పుడు నమ్మకూడదో తెలిసినవాళ్ళు కొద్దిమందే.

ఇక కొత్తగూడ నుంచి వచ్చే విద్యార్థికి ఇంకో మెట్టు ఉంది. ఇంట్లో కోయ భాష లేదా లంబాడా. బళ్ళో తెలుగు. ఇంజనీరింగ్‌లో ఇంగ్లీషు. మూడో భాషలో మొదటిసారి ‘పైపింగ్’ అన్న మాట వింటాడు. గొట్టాల గురించి అనుకుంటాడు. నిజానికి దానికి వాళ్ళూళ్ళో మాట ఉంది: బుంగ. చెరువు కట్టకి బుంగ పడిందంటే ఊరంతా గంపలు పట్టుకుని ఉరుకుతారు. ఎండ్రకాయ చేసిన చిన్న రంధ్రంలోంచి నీళ్ళు దూరి, మట్టిని కొద్దికొద్దిగా మోసుకుపోయి, సన్న ధార లావెక్కి చివరికి గండి పడుతుంది. నీళ్ళు తేటగా వస్తే భయం లేదు, బురదగా వస్తే ప్రమాదం అని నీరటికి తెలుసు. పుస్తకం చెప్పేదీ అదే. పుస్తకంలో ఆ మాట లేకపోవడం వల్ల పిల్లవాడు తనకి తెలిసినదాన్ని తెలియనిదనుకుంటాడు.

బుంగ

2019 జూన్ 21న ప్రారంభమైన మేడిగడ్డ బ్యారేజీలో 2023 అక్టోబర్ 21 సాయంత్రం ఏడో బ్లాక్‌లో పియర్లు కుంగాయి. జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ కొద్ది రోజులకే ఇచ్చిన నివేదిక ప్లానింగ్, డిజైన్, నాణ్యత, నిర్వహణ అన్నిట్లోనూ లోపాలున్నాయంది. పునాది కింది ఇసుక కొట్టుకుపోవడాన్ని ప్రధాన కారణాల్లో చెప్పింది. తర్వాత విచారణ కమిషన్, రాజకీయం, అసెంబ్లీ. అవన్నీ పేపర్లో చదివాం. పేపర్లో తక్కువ చదివింది ఇసుక గురించి.

బ్యారేజీకి ఒక పక్క నీళ్ళు ఎత్తుగా, రెండో పక్క తక్కువగా ఉంటాయి. ఆ తేడా నీటిని పునాది కింద ఇసుకలోంచి తోస్తుంది. అవతలి పక్క నీళ్ళు పైకి ఉబికి వచ్చేచోట, ఆ తోపు గింజ బరువుతో సమానమైతే గింజ లేస్తుంది. నీళ్ళలో ఇసుక నికర బరువు దాదాపు అదే పరిమాణం నీటి బరువంత. అందుకని ఒక మీటరు దారిలో నీటి ఎత్తు ఒక మీటరు తగ్గేంత తోపు ఉంటే చాలు, ఇసుక ఉడికినట్టు లేస్తుంది. ఒక గింజ పోతే దారి పొట్టిదవుతుంది, తోపు పెరుగుతుంది, ఇంకో గింజ పోతుంది. బుంగ వెనక్కి, ఎగువకి నడుస్తుంది. నీళ్ళు నడవాల్సిన మొత్తం దూరం పెంచితే చాలని ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బ్లై అన్నాడు. పంజాబ్‌లో కట్టడాలు దెబ్బతినడం చూసిన ఎ.ఎన్. ఖోస్లా 1936లో అది చాలదన్నాడు. నీళ్ళు బయటికొచ్చే చోట లోతుగా అడ్డుగోడ లేకపోతే ఎంత దూరం పెంచినా లాభం లేదని తేల్చాడు. ఇది ఏ ప్రాచీన రహస్యమూ కాదు. ఇప్పటికీ ప్రతి సివిల్ విద్యార్థీ చదివే పాఠం.

ఇప్పుడు మొదటి పోలికకి జవాబు చెప్పొచ్చు. రామప్ప కింది ఇసుక గోతిలో బందీగా ఉంది, దాంట్లోంచి నీళ్ళు తోసుకుపోవడం లేదు, పైన బరువు ఎప్పుడూ ఒకేలా ఉంది. మేడిగడ్డ కింది ఇసుకలోంచి గోదావరి నడుస్తోంది. రెండూ ఒకే లెక్కకి లోబడ్డాయి. రామప్ప స్థపతిని తీసుకొచ్చి బ్యారేజీ కట్టమంటే ఆయనకీ ఖోస్లా కావాలి. అలాగే ఇసుక మీద బ్యారేజీ నిలబడదన్నదీ నిజం కాదు, ధవళేశ్వరంలో కాటన్ నిలబెట్టాడు, తర్వాత ఎందరో నిలబెట్టారు. లెక్క తెలిసి ఉండటం, ఆ లెక్కని పట్టుబట్టి అడిగే మనిషి ఆఫీసులో ఉండటం రెండు వేరు విషయాలు. నెల రోజుల్లో డ్రాయింగ్ కావాలి అన్నప్పుడు ఇది చాలదు, మోడల్ పరీక్ష చేయాలి అని చెప్పగలిగే మనిషి కావాలి. ఆ మాట చెప్పే ధైర్యానికి అడుగున చదువుండాలి. అలాంటి మనుషుల్ని తయారుచేయాల్సిన చోటు మాస్టర్స్.

భూకంపం వైపు నుంచి చూసినా ఇదే కథ. 2001 జనవరి 26 భుజ్ తర్వాత ఇంజనీరింగ్ కాలేజీల్లో భూకంప పాఠం చెప్పేవాళ్ళే చాలినంత లేరని తేలి, ఐఐటీలు కలిసి దేశమంతా అధ్యాపకులకి శిక్షణ మొదలుపెట్టాయి. విపత్తు వచ్చాక చదువు గుర్తొచ్చింది.

ములుగు ప్రకంపనలకి కొత్తగూడలో కదిలిన ఇళ్ళు చాలావరకు ఏ ఇంజనీరూ చూడని ఇళ్ళే. ఇటుక గోడలు, పైన స్లాబు లేదా రేకులు. తలుపుల పైన లింటెల్ ఒక్కో తలుపుకి విడివిడిగా ఉంటుంది. దాన్నే ఇంటి చుట్టూ తెగకుండా నాలుగు ఇనుప కడ్డీలతో పట్టీలా పోస్తే, గోడలు ఊగినప్పుడు మూలల దగ్గర విడిపోవు. అదనపు ఖర్చు తక్కువ. భారత ప్రమాణాల్లో ఎప్పటి నుంచో ఉన్న విషయం. మేస్త్రీకి ఎవరూ చెప్పలేదు, అంతే.

ఎంటెక్ రెండో ఏడాదంతా థీసిస్‌కే. చాలా థీసిస్‌లు ఎక్కడో నలభై అంతస్తుల ఊహాభవనం మీద ఉంటాయి. పాకాల కట్టలో నీరు ఎలా ఇంకుతోంది, కోయ ఇళ్ళ కర్ర చట్రం ఊగినప్పుడు ఎందుకు కూలదు, లింటెల్ పట్టీకి ఈ మండలంలో ఎంత ఖర్చవుతుంది. ఇవి కూడా థీసిస్‌లే. వీటికి పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. వరంగల్ బస్టాండ్‌లో నర్సంపేట బస్సెక్కితే చాలు. తిరిగి వచ్చాక రాసేది ఇంగ్లీషులోనే రాసుకోవచ్చు, కానీ ఒక నాలుగు పేజీలు తెలుగులో కూడా రాసి మేస్త్రీ చేతిలో పెడితే ఆ రెండేళ్ళ స్టైపెండ్ ఎక్కడికి పోయిందో ఊరికి తెలుస్తుంది.